రామ్నోలిపిడ్లు

రామ్నోలిపిడ్లు నేలలోను, నీటిలోను నివసించే కొన్ని బాక్టీరియాలు తయారుచేసే సబ్బు వంటి సహజ పదార్థాలు. ఒక చక్కెర భాగం, ఒక కొవ్వు భాగం కలిసి ఏర్పడతాయి కనుక ఇవి గ్లైకోలిపిడ్ల వర్గానికి చెందుతాయి. నీటి తలతన్యతను తగ్గించి, నీటిలో కలవని నూనెలను సన్నని బిందువులుగా విడగొట్టే గుణం వలన వీటిని జీవ సర్ఫాక్టెంట్లు అని కూడా వ్యవహరిస్తారు. వీటిని అధికంగా ఉత్పత్తి చేసే బాక్టీరియా సూడోమోనాస్ ఏరుజినోసా. ముడిచమురు ఇంకిన నేలను, కాడ్మియం, సీసం వంటి భారలోహాలు చేరిన మట్టిని శుభ్రపరచడానికి వీటిని వాడవచ్చునని అనేక ప్రయోగాలు చూపించాయి. అయితే ఈ మేలు చేసే బాక్టీరియాయే ఆసుపత్రులలో బలహీనులైన రోగులను పీడించే బాక్టీరియా కూడా కావడం వీటి వాడుకలో మొదటినుండి ఉన్న పెద్ద చిక్కు.

సర్ఫాక్టెంట్ అంటే

నీటి అణువులు ఒకదానినొకటి బలంగా ఆకర్షించుకోవడం వలన నీటి ఉపరితలం సాగదీసిన పొరలా ప్రవర్తిస్తుంది. ఈ గుణమే తలతన్యత. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఒక కొస నీటిని, రెండవ కొస నూనెను ఇష్టపడే అణువులను నీటిలో కలిపితే అవి ఉపరితలానికి చేరి ఈ ఆకర్షణను సడలిస్తాయి. అటువంటి పదార్థాలే సర్ఫాక్టెంట్లు. సబ్బు, బట్టల సోడా పొడులలోని డిటర్జెంటు ఈ కోవలోనివే. తెలుగువారు తరతరాలుగా తలంటుకు వాడిన కుంకుడుకాయ, సీకాయలలో నురుగునిచ్చేది సాపోనిన్ అనే సహజ సర్ఫాక్టెంటు. కుంకుడు చెట్టు చేసే పనినే నేలలోని బాక్టీరియా మరొక విధంగా చేస్తున్నదని చెప్పవచ్చు.

రామ్నోలిపిడ్లు నీటి తలతన్యతను 72 నుండి 30 మిల్లీన్యూటన్ల లోపుకు దించగలవు. సర్ఫాక్టెంటు గాఢత ఒక హద్దు దాటినప్పుడు దాని అణువులు గుంపుకట్టి, కొవ్వు కొసలు లోపలికి, నీటి కొసలు వెలుపలికి ఉండేలా గోళాలుగా ఏర్పడతాయి. వీటిని మిసెల్లు అని, ఆ హద్దును సందిగ్ధ మిసెల్ గాఢత అని అంటారు. నూనె అణువులు మిసెల్ లోపల చోటు చేసుకొని నీటితోపాటు కదులుతాయి. రామ్నోలిపిడ్లకు ఈ హద్దు మిశ్రమాన్నిబట్టి లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల నుండి 200 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది.

పేరు, నిర్మాణం

రామ్నోజు అనే చక్కెరను మొదట రామ్నస్ అనే పొదజాతి మొక్కల నుండి తీశారు. పేరు అందువలన వచ్చింది. మన రేగు చెట్టు కూడా అదే కుటుంబానికి చెందుతుంది. రామ్నోలిపిడ్ అణువులో ఒకటి లేదా రెండు రామ్నోజు భాగాలు నీటి కొసగాను, సాధారణంగా పది కర్బన పరమాణువులు గల రెండు హైడ్రాక్సీ కొవ్వు ఆమ్లాలు నూనె కొసగాను ఉంటాయి. ఒక రామ్నోజు ఉన్నదానిని మోనో రామ్నోలిపిడ్ అని, రెండు ఉన్నదానిని డై రామ్నోలిపిడ్ అని అంటారు. వీటి అణుభారాలు వరుసగా 504, 650. బాక్టీరియా ఎన్నడూ ఒకే రకాన్ని తయారుచేయదు. కొవ్వు గొలుసుల పొడవులో తేడాలు గల అనేక రకాల మిశ్రమం లభిస్తుంది. మిశ్రమంలోని పాళ్లు బాక్టీరియా రకాన్ని, దానికి ఇచ్చిన ఆహారాన్ని, పెంపకపు కాలాన్ని బట్టి మారుతూ ఉంటాయి. అందువలననే ఒక ప్రయోగశాలలో వచ్చిన అంకెలు మరొక ప్రయోగశాలలో రావు.

అణువు చివర ఉండే కార్బాక్సిల్ సమూహం తటస్థ ద్రావణంలో ఋణావేశం పొందుతుంది. ధనావేశం గల లోహ అయాన్లను ఇది పట్టుకోగలగడానికి కారణం ఇదే.

చరిత్ర

సూడోమోనాస్ ఏరుజినోసాను 1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త కార్ల్ జెస్సార్డ్ కట్లకు అంటిన ఆకుపచ్చని చీము నుండి వేరుచేశాడు. ఏరుజినోసా అనే లాటిన్ మాటకు రాగి చిలుము రంగు గలది అని అర్థం.

రామ్నోలిపిడ్లను మొదట వెదికినవారు శుద్ధి గురించి కాక మందుల గురించి ఆలోచించారు. 1946లో స్వీడన్‌లో సునె బెర్గ్‌స్ట్రోమ్, హ్యూగో థియొరెల్ తదితరులు ఈ బాక్టీరియా నుండి క్షయ క్రిములను అడ్డుకొనే ఒక కొవ్వు పదార్థాన్ని తీసి పయోలిపిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. తరువాతి కాలంలో ఆ ఇద్దరికీ వేర్వేరు పరిశోధనలకు నోబెల్ బహుమతి లభించింది (థియొరెల్‌కు 1955లో, బెర్గ్‌స్ట్రోమ్‌కు 1982లో). 1949లో జార్విస్, జాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ పదార్థంలో రామ్నోజు, హైడ్రాక్సీ డెకనోయిక్ ఆమ్లం ఉన్నాయని స్పష్టంగా నిరూపించారు. 1965లో ఎడ్వర్డ్స్, హయాషి రెండు రామ్నోజు భాగాలు ఒకదానితో ఒకటి ఏ విధంగా కలిసి ఉన్నాయో తేల్చారు.

వీటికి, నూనెకు గల సంబంధం జపాన్ పరిశోధకుల వలన బయటపడింది. పెట్రోలియం పారఫిన్ల మీద బాక్టీరియాను పెంచి ప్రోటీను తయారుచేయాలన్న ఉత్సాహం ప్రబలంగా ఉన్న రోజులవి. 1971లో హిసత్సుక బృందం, పారఫిన్ మీద పెరిగే సూడోమోనాస్ ఏరుజినోసా రామ్నోలిపిడ్లను స్రవిస్తుందని, వాటి వలన దాని పెరుగుదల వేగవంతమవుతుందని గమనించింది. మరుసటి సంవత్సరం ఇతో, సుజుకి అనేవారు పారఫిన్‌ను సరిగా తినలేని ఒక ఉత్పరివర్తన రకానికి బయటినుండి రామ్నోలిపిడ్ అందిస్తే అది మళ్లీ పెరగసాగిందని చూపించారు. నూనెను తినడానికి బాక్టీరియా తన సబ్బును తానే తయారుచేసుకుంటున్నదని దీనివలన రుజువైంది.

బాక్టీరియాకు వీటి అవసరం

నూనె నీటిలో కరగదు, బాక్టీరియా నీటిలోనే బ్రతుకుతుంది. ఈ ఎడాన్ని దాటడానికి రామ్నోలిపిడ్లు రెండు విధాల తోడ్పడతాయి. మొదటిది, నూనెను సన్నని బిందువులుగాను, మిసెల్లుగాను మార్చి బాక్టీరియాకు అందుబాటులోకి తేవడం. రెండవది కొంత విచిత్రమైనది. బాక్టీరియా వెలుపలి పొరలో నీటిని ఇష్టపడే లైపోపాలీసాకరైడ్ అనే పదార్థం ఉంటుంది. రామ్నోలిపిడ్లు దానిలో కొంత భాగాన్ని ఊడదీయడం వలన కణపు ఉపరితలమే నూనెను ఇష్టపడేదిగా మారి, బాక్టీరియా నేరుగా నూనె బిందువుకు అతుక్కుంటుంది.

ఆహార సేకరణ ఒక్కటే వీటి పని కాదు. తడి ఉపరితలం మీద బాక్టీరియా గుంపుగా పాకడానికి, బయోఫిల్మ్ అనే జిగురు పొరలలో నీరు పారే దారులు మూసుకుపోకుండా ఉండడానికి ఇవి అవసరం. పోటీకి వచ్చే ఇతర సూక్ష్మజీవులను కూడా ఇవి దెబ్బతీస్తాయి. మొక్కల వేళ్లను కుళ్లబెట్టే పిథియం, ఫైటోఫ్తోరా వంటి శిలీంధ్రసదృశ జీవుల ఈదే సిద్ధబీజాలకు గట్టి కణకవచం ఉండదు. రామ్నోలిపిడ్ తగిలిన కొద్దిసేపటికే అవి పగిలిపోతాయి. ఈ గుణం ఆధారంగా తయారైన ఒక శిలీంధ్రనాశకానికి 2004లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతి ఇచ్చింది.

కణంలో తయారయ్యే విధానం

కొవ్వు ఆమ్లాలను నిర్మించే మామూలు మార్గం నుండి హైడ్రాక్సీ ఆమ్లాలు లభిస్తాయి. ఆర్‌హెచ్ఎల్‌ఎ అనే ఎంజైము వాటిలో రెంటిని జతచేస్తుంది. ఆర్‌హెచ్ఎల్‌బి దానికి మొదటి రామ్నోజును, ఆర్‌హెచ్ఎల్‌సి రెండవ రామ్నోజును తగిలిస్తాయి. ఈ జన్యువులు ఎప్పుడూ పనిచేయవు. బాక్టీరియాలు విడుదల చేసే ఒక సంకేత పదార్థం (బ్యూటిరిల్ హోమోసెరిన్ లాక్టోన్) పరిసరాలలో తగినంత పోగైనప్పుడే, అనగా కణాల సంఖ్య బాగా పెరిగినప్పుడే, ఇవి మేల్కొంటాయి. దీనిని కోరమ్ సెన్సింగ్ అంటారు. ఒంటరి కణం సబ్బు స్రవిస్తే అది నీటిలో కొట్టుకొనిపోయి వృథా అవుతుంది కనుక ఈ ఏర్పాటు సబబైనదే. నత్రజని అయిపోయి కర్బన ఆహారం మాత్రం మిగిలి ఉన్న దశలో ఉత్పత్తి ఎక్కువగా ఉంటుంది.

కృత్రిమ డిటర్జెంట్ల అనుభవం

నూనె శుద్ధికి సర్ఫాక్టెంట్లను వాడడం కొత్త కాదు. అయితే మొదటి పెద్ద అనుభవం చేదుగా ముగిసింది. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే చమురు ఓడ ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరానికి సమీపంలో రాతి దిబ్బకు తగిలి, సుమారు 1,19,000 టన్నుల ముడిచమురుతో మునిగింది. తెట్టును చెదరగొట్టడానికి దాదాపు 10,000 టన్నుల డిటర్జెంట్లు చల్లారు. ఆనాటి డిటర్జెంట్లలో విషపూరితమైన ద్రావణులు ఉండేవి. తీరాన రాళ్లకు అంటిపెట్టుకొని ఉండే నత్తలు, ఇతర జీవులు చమురుకంటె ఈ మందు వలననే ఎక్కువగా చనిపోయాయి. డిటర్జెంటు వాడని చోట్లు రెండు మూడు సంవత్సరాలలో కోలుకోగా, విస్తారంగా వాడిన చోట్లకు పదేళ్ల వరకు పట్టింది. ఆ తరువాత తయారైన రసాయనాలలో విషం తగ్గినప్పటికీ వివాదం తొలగలేదు. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదంలో సుమారు 70 లక్షల లీటర్ల రసాయనాలను వాడినప్పుడు వాటి ప్రభావం గురించి తీవ్రమైన చర్చ జరిగింది. సూక్ష్మజీవులు సులభంగా కుళ్లబెట్టగలిగిన, విషం తక్కువైన సర్ఫాక్టెంటు కోసం అన్వేషణకు ఈ అనుభవాలే ముఖ్య ప్రేరణ.

నేల శుద్ధిలో ఉపయోగం

రామ్నోలిపిడ్లను రెండు విధాలుగా వాడతారు. ఒకటి, మట్టిని వాటి ద్రావణంతో కడిగి కలుషితాన్ని బయటికి తీయడం. రెండు, మట్టిలోనే కొద్దిగా కలిపి అక్కడి బాక్టీరియా నూనెను తినేలా తోడ్పడడం. రెండవదానిని జీవశుద్ధి అనవచ్చు. ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు. మొదటిదానిలో కాలుష్యం మట్టి నుండి నీటిలోకి మారుతుందే తప్ప నశించదు.

1989 మార్చి 24న అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుండి 1.1 కోట్ల గ్యాలన్ల (సుమారు 4 కోట్ల లీటర్ల) ముడిచమురు చిందింది. తీరపు గులకరాళ్లకు అంటిన జిడ్డు మీద సూడోమోనాస్ ఏరుజినోసా సర్ఫాక్టెంటును ప్రయోగశాలలో పరీక్షించి హార్వీ తదితరులు 1990లో ఫలితాలు ప్రకటించారు. మామూలు నీటితో కడిగినప్పటికంటె రెండు మూడు రెట్లు ఎక్కువ చమురు విడివడింది. అయితే తీరంలో అసలు శుభ్రత పని వేడినీటి ధారలతోను, స్థానిక బాక్టీరియాకు బలమిచ్చే నత్రజని, భాస్వరపు ఎరువులతోను జరిగింది. రామ్నోలిపిడ్లతో అలాస్కా తీరాన్ని శుభ్రం చేశారని కొన్నిచోట్ల కనబడే వాక్యం సరికాదు.

జీవశుద్ధి విషయంలో తరచు ఉదహరించబడే ప్రయోగం అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన జాంగ్, మిల్లర్ 1992లో ప్రచురించినది. వారు తీసుకున్న ఆక్టాడెకేన్ అనే హైడ్రోకార్బన్ నీటిలో లీటరుకు 0.009 మిల్లీగ్రాములకు మించి కరగదు. రామ్నోలిపిడ్ కలిపినప్పుడు 250 మిల్లీగ్రాములకు పైగా నీటిలో చెదిరి నిలిచింది. లీటరుకు 300 మిల్లీగ్రాముల రామ్నోలిపిడ్ ఉన్నచోట 84 గంటలలో 20 శాతం ఆక్టాడెకేన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడుగా మారగా, లేనిచోట 5 శాతం మాత్రమే మారింది.

భారలోహాల కథ వేరు. నూనెను బాక్టీరియా తిని నశింపజేయగలదు గాని సీసాన్ని, కాడ్మియాన్ని ఏ జీవీ నశింపజేయలేదు. వాటిని మట్టి నుండి తొలగించడమొక్కటే మార్గం. 1995లో హెర్మన్, ఆర్టియోలా, మిల్లర్ రామ్నోలిపిడ్ ద్రావణంతో మట్టి నుండి కాడ్మియం, సీసం, జింకులను తీయవచ్చునని చూపించారు. కెనడాలో కేథరిన్ మల్లిగన్ బృందం కాలువల అడుగు బురద మీద రామ్నోలిపిడ్‌తోపాటు సర్ఫాక్టిన్, సోఫొరోలిపిడ్లను కూడా పోల్చిచూసింది. ఈ పనికి సాధారణంగా వాడే ఇడిటిఎ అనే రసాయనం మట్టిలో చాలాకాలం నిలిచిపోతుంది. రామ్నోలిపిడ్ కుళ్లిపోతుంది, అది దాని అనుకూలత. అయితే మట్టిలో సహజంగా పుష్కలంగా ఉండే కాల్షియం, మెగ్నీషియం కూడా అదే స్థానానికి పోటీపడతాయి కనుక సున్నపు నేలల్లో ఫలితం తగ్గుతుంది.

చమురు నిల్వ ట్యాంకుల అడుగున పేరుకొనే మడ్డిని తొలగించడంలో జీవ సర్ఫాక్టెంట్లు మరింత స్పష్టంగా అక్కరకు వచ్చాయి. కువైట్‌లో జరిగిన ఒక ప్రయోగంలో (బనాత్ తదితరులు, 1991) బాక్టీరియా సర్ఫాక్టెంటుతో సుమారు 850 ఘనమీటర్ల మడ్డిని కదిలించి, అందులోని చమురులో 90 శాతానికి పైగా తిరిగి రాబట్టారు. వచ్చిన చమురును అమ్ముకోవచ్చు గనుక ఇక్కడ ఖర్చు లెక్క కూడా కుదురుతుంది.

పరిమితులు

ప్రయోగశాల సీసాలో వచ్చిన ఫలితం పొలంలో రాకపోవడానికి అనేక కారణాలున్నాయి. బంకమట్టి రేణువులు రామ్నోలిపిడ్‌ను తమవైపు లాక్కొని నిష్ప్రయోజనం చేస్తాయి. కొన్ని బాక్టీరియాలు నూనెను వదలి, సులభంగా జీర్ణమయ్యే ఈ సర్ఫాక్టెంటునే ముందు తినివేస్తాయి. మోతాదు మించితే నూనె మిసెల్లలో చిక్కుకొని బాక్టీరియాకు అందకపోవచ్చు. అన్నిటికంటె ప్రమాదకరమైనది, కలుషితం మట్టి నుండి కదిలి భూగర్భజలంలోకి దిగడం. అంతవరకు ఒకచోట అంటుకొని ఉన్న విషాన్ని బావి నీటిలోకి తెచ్చినట్లవుతుంది. అందుచేత కడిగిన నీటిని పట్టి శుద్ధిచేసే ఏర్పాటు లేకుండా ఈ పద్ధతిని వాడరాదు.

రెండవ సమస్య బాక్టీరియా గురించి. సూడోమోనాస్ ఏరుజినోసా ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయదు. కాని కాలిన గాయాలున్నవారిలో, వెంటిలేటరు మీద ఉన్నవారిలో, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య ఊపిరితిత్తుల వ్యాధి గలవారిలో ఇది ప్రాణాంతకం కాగలదు. అక్కడ రామ్నోలిపిడ్లే దాని ఆయుధాలలో ఒకటి. శరీరాన్ని కాపాడే తెల్లరక్తకణాలను అవి ఛేదిస్తాయి. మందులకు లొంగని ఈ బాక్టీరియా రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అత్యంత తీవ్రమైన వర్గంలో చేర్చి, 2024లో దాని తరువాతి వర్గానికి మార్చింది. శుద్ధిచేసిన రామ్నోలిపిడ్‌ను చల్లడం వేరు, సజీవమైన బాక్టీరియాను పెద్దయెత్తున నేలలో వదలడం వేరు. రెండవది ఆమోదయోగ్యం కాదు.

దీనికి పరిష్కారంగా రామ్నోలిపిడ్ జన్యువులను హానిచేయని సూడోమోనాస్ పుటిడా అనే మరొక నేల బాక్టీరియాలోకి చేర్చారు. ఇది గ్లూకోజు మీద పెరుగుతూ రామ్నోలిపిడ్ తయారుచేయగలదని 2011లో జర్మన్ పరిశోధకులు చూపించారు.

పారిశ్రామిక ఉత్పత్తి

ఉత్పత్తిలో ప్రధానమైన అడ్డంకి నురుగు. సబ్బు తయారుచేసే బాక్టీరియాను గాలి ఊదుతూ పెంచితే తొట్టి అంతా నురుగు పొంగి, కణాలతో సహా గొట్టాలలోకి ఎక్కుతుంది. నురుగును చంపే మందులు వాడితే తరువాత సరుకును శుద్ధిచేయడం కష్టం. సోయా నూనె వంటి వాటిపై లీటరుకు 100 గ్రాములకు పైగా దిగుబడి వచ్చినట్లు 1990లలో ఒక పేటెంటులో పేర్కొన్నారు గాని, ఇతర నివేదికలలో చాలావరకు అంతకంటె బాగా తక్కువ దిగుబడులే కనిపిస్తాయి. పెట్రోలియం డిటర్జెంట్ల చవకదనంతో ఇవి చిరకాలం పోటీపడలేకపోయాయి.

2019లో యూనిలీవర్ సంస్థ చిలీ దేశంలో రామ్నోలిపిడ్ కలిపిన పాత్రలు కడిగే ద్రవాన్ని అమ్మకానికి పెట్టింది. దానికి సరుకు అందించిన జర్మనీ సంస్థ ఎవోనిక్ 2024లో స్లొవేకియాలో పెద్ద కర్మాగారాన్ని ప్రారంభించింది. నేల శుద్ధికోసం దశాబ్దాలు పరిశోధించిన పదార్థం చివరకు వంటింటి గిన్నెల ద్వారా చవకబడే దారి పట్టడం గమనించదగినది.

నేలలో వీటిని గుర్తించే పరీక్షలు

చమురు చిందిన స్థలాల మట్టిలో సర్ఫాక్టెంటు తయారుచేసే బాక్టీరియాను వెదకడం కళాశాల ప్రయోగశాలలలో కూడా సాధ్యమే. బాక్టీరియా పెరిగిన ద్రవపు చుక్కను నూనె పూసిన పలక మీద ఉంచితే, సర్ఫాక్టెంటు ఉన్నప్పుడు చుక్క గుండ్రంగా నిలవక పరుచుకుపోతుంది. దీనిని చుక్క కూలే పరీక్ష అంటారు. మరొక పరీక్షలో సమాన పరిమాణాల ద్రవాన్ని, కిరోసిన్‌ను గొట్టంలో బాగా కుదిపి 24 గంటలు కదలకుండా ఉంచుతారు. ఎమల్షన్ పొర ఎత్తును మొత్తం ఎత్తుతో భాగించి 100తో హెచ్చవేస్తే ఎమల్షన్ సూచిక వస్తుంది. సిటాబ్, మిథిలీన్ బ్లూ కలిపిన అగార్ పళ్లెం మీద రామ్నోలిపిడ్ స్రవించే కాలనీల చుట్టూ ముదురు నీలి వలయం ఏర్పడుతుంది. సూడోమోనాస్ ఏరుజినోసా లభించే అవకాశం ఎక్కువ కనుక ఈ పనిలో తగిన జాగ్రత్తలు తప్పనిసరి.

ఇతర జీవ సర్ఫాక్టెంట్లు

బాసిల్లస్ సబ్టిలిస్ అనే నేల బాక్టీరియా తయారుచేసే సర్ఫాక్టిన్‌ను 1968లో జపాన్‌లో అరిమ, కకినుమ, తమురలు కనుగొన్నారు. ఇది నీటి తలతన్యతను 72 నుండి 27కు దించుతుంది, బలంలో రామ్నోలిపిడ్‌కు తీసిపోదు. రోడోకాకస్ జాతులు ట్రెహలోజు లిపిడ్లను, ఎసినెటోబాక్టర్ ఎమల్సాన్‌ను, ఒక రకం ఈస్టు సోఫొరోలిపిడ్లను ఇస్తాయి. సముద్రంలో ఇటువంటి పనిచేసే ఆల్కనివొరాక్స్ బోర్కుమెన్సిస్‌ను 1998లో వర్ణించారు.

భారతదేశంలో పరిశోధనలు

వడోదరలో పనిచేసిన జితేంద్ర దేశాయ్, బనాత్‌తో కలిసి 1997లో వ్రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగంలో అత్యధికంగా ఉదహరించబడే రచనలలో ఒకటి. చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థలో మక్కర్, కామియోత్రలు చక్కెర మిల్లుల మొలాసిస్‌తో బాసిల్లస్ సర్ఫాక్టెంట్లను ఉత్పత్తి చేశారు. ఖరీదైన గ్లూకోజుకు బదులు చక్కెర, నూనె మిల్లుల వ్యర్థాలను వాడడం భారతీయ పరిశోధనలలో తరచు కనబడే ధోరణి.

ఢిల్లీలోని టెరి సంస్థ రూపొందించిన ఆయిల్‌జాపర్, నూనెను తినే బాక్టీరియాల మిశ్రమం. వీటిని మొక్కజొన్న కంకుల పొడిలో కలిపి చమురు శుద్ధి కర్మాగారాల మడ్డి గుంటల మీద, చిందిన నేలల మీద వాడారు. ఇది రామ్నోలిపిడ్ సరుకు కాదు, సజీవ బాక్టీరియాలతో చేసే జీవశుద్ధి.

చమురు తినే బాక్టీరియా అనగానే బెంగాలులో పుట్టిన ఆనంద మోహన్ చక్రవర్తి (1938-2020) పేరు గుర్తుకువస్తుంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉండగా ఆయన తయారుచేసిన సూడోమోనాస్ రకానికి పేటెంటు ఇవ్వవచ్చునని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. ప్రాణి మీద పేటెంటు హక్కుకు ఈ తీర్పు మూలమైంది. ఆ బాక్టీరియాను మాత్రం ఎన్నడూ చమురు తెట్టు మీద ప్రయోగించలేదు.